బడి గోడ మీద సైనికుల పేర్లు

ఆస్ట్రేలియా పల్లె బడుల్లోని ఆనర్ బోర్డుల్లో (యుద్ధానికి వెళ్లినవారి పేర్లు రాసిన పలకల్లో) చాలా వాటిని మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే పెట్టారు. అప్పటికి ఆ దేశ జనాభా 50 లక్షలకు లోపే. 1914-18 మధ్య 4 లక్షల 16 వేల మందికి పైగా సైన్యంలో చేరగా, 60 వేల మందికి పైగా మరణించారు. నిర్బంధ సైనిక సేవ కోసం 1916లో, 1917లో జరిపిన రెండు ప్రజాభిప్రాయ సేకరణలూ వీగిపోయాయి. కాబట్టి సముద్రం దాటి పోరాడినవాళ్లంతా తమంతట తాము పేరిచ్చినవాళ్లే. బ్రిటన్ స్మారకాలు ఎక్కువగా మృతులకే పరిమితం కాగా, ఇక్కడి బోర్డుల మీద ప్రాణాలతో తిరిగొచ్చినవారి పేర్లూ ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

సాధారణంగా ఇవి పాలిష్ పెట్టిన చెక్క పలకలు. నడుమ బంగారు రంగు అక్షరాల్లో పేర్లు నిలువు వరసలుగా ఉంటాయి. చాలాచోట్ల హోదాలు వదిలేసి అక్షరక్రమంలో రాశారు. మరణించినవారి పేరు పక్కన చిన్న శిలువో నక్షత్రమో కనిపిస్తుంది. ఒకే ఇంటిపేరు వరసగా మూడు నాలుగు సార్లు వచ్చిందంటే, తరచూ అన్నదమ్ములో దాయాదులో కలిసి కదిలారన్నమాట. యుద్ధం మధ్యలో చేయించిన బోర్డులకు అడుగున ఖాళీ వదిలేవారు. చేరవలసినవాళ్లు ఇంకా ఉన్నారని ఊరి కుర్రాళ్లకు అది చెప్పకనే చెప్పేది. ఆవిష్కరణ సభల్లో కొత్తవాళ్లను చేరమని పిలుపివ్వడమూ మామూలే.

యుద్ధం ముగిశాక వీటి అర్థం మారింది. మృతదేహాలను స్వదేశానికి తేకూడదన్నది నాటి బ్రిటిష్ సామ్రాజ్య విధానం. కొడుకు గల్లిపోలీలోనో ఫ్రాన్స్‌లోనో మట్టిలో కలిసిపోతే, ఇక్కడి తల్లిదండ్రులు పూలు పెట్టుకోగలిగింది ఇలాంటి స్మారకాల దగ్గరే. దీనికి భిన్నంగా, ఇదే యుద్ధం గుర్తుగా భారత గ్రామాల్లో బ్రిటిష్ ప్రభుత్వం నాటించిన రాతి పలకల్లో చాలా వాటి మీద ఎందరు వెళ్లారు, ఎందరు చనిపోయారు అన్న అంకెలే ఉన్నాయి. పేర్లు రాయాలన్న పట్టింపు పాలకులకు లేకపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్ని బడులు కొత్త బోర్డు చేయించాయి, కొన్ని పాతదానికే పలకలు జోడించాయి. ఆ తర్వాత బస్సులు వచ్చి, పిల్లలు పట్నం బడులకు మళ్లడంతో ఏకోపాధ్యాయ పాఠశాలలు వందల్లో మూతపడ్డాయి. బోర్డులు ఊరి హాళ్లకో మ్యూజియాలకో చేరాయి, కొన్ని షెడ్ల పాలయ్యాయి. ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్ సైనికుల రికార్డులను డిజిటైజ్ చేశాక, స్థానిక చరిత్రకారులు పేర్లను ఒక్కొక్కటిగా సరిచూస్తున్నారు. తప్పు స్పెల్లింగులూ, మారుపేరుతో చేరినవాళ్లూ ఇప్పుడు బయటపడుతున్నారు.