సురభి గ్రోవర్: బోట్స్వానాలో స్త్రీల క్యాన్సర్లకు రేడియేషన్ వైద్యం

సురభి గ్రోవర్ అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన రేడియేషన్ ఆంకాలజిస్టు. స్త్రీల క్యాన్సర్లు, ముఖ్యంగా గర్భాశయ ముఖద్వార (సర్వైకల్) క్యాన్సర్, ఆమె రంగం. కొలువు ఫిలడెల్ఫియాలోని ఆ విశ్వవిద్యాలయంలోనే అయినా, పేరు తెచ్చిన పని జరిగింది మాత్రం ఆఫ్రికా దక్షిణ భాగంలోని బోట్స్వానాలో. అక్కడి ప్రభుత్వం, రెండు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే బోట్స్వానా–యూపెన్ పార్ట్‌నర్‌షిప్‌లో ఆమె క్యాన్సర్ విభాగానికి నాయకత్వం వహించారు. ఎచ్‌ఐవి ఉన్న స్త్రీకి రేడియేషన్ ఎంతవరకు మేలు చేస్తుందన్న ప్రశ్నకు ఆఫ్రికా రోగుల దగ్గరే జవాబు వెతికిన పరిశోధకుల్లో ఆమె ఒకరు.

నేపథ్యం

2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6.6 లక్షల మంది స్త్రీలకు ముఖద్వార క్యాన్సర్ కొత్తగా బయటపడుతోంది, 3.5 లక్షల మంది దానితో చనిపోతున్నారు. ఆ మరణాల్లో దాదాపు 94 శాతం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే. నిజానికి ఇది తొందరపడే జబ్బు కాదు. హ్యూమన్ పాపిలోమా వైరస్ సోకాక అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ గడువు 5 నుంచి 10 ఏళ్లకు కుంచించుకుపోతుంది. బోట్స్వానా కథంతా ఈ రెండో లెక్కలోనే ఉంది.

జనాభా పాతిక లక్షలలోపే ఉన్న ఆ దేశంలో, ప్రతి ఐదుగురు వయోజనుల్లో దాదాపు ఒకరికి ఎచ్‌ఐవి ఉంది. 2002లో ప్రభుత్వం 'మసా' పేరుతో ఎచ్‌ఐవి మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. సెట్స్వానా భాషలో మసా అంటే కొత్త వేకువ. పథకం ఫలించింది, ఎయిడ్స్ చావులు తగ్గాయి. అలా బతికి బయటపడ్డ స్త్రీలు ముఖద్వార క్యాన్సర్ వచ్చే వయసుకు చేరుకున్నారు. ఒక గెలుపు వెనకాలే వచ్చిన కష్టమిది.

నివారణ వైపు దేశం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డోరీన్ రమొగోలా-మసీరే అనే స్త్రీవైద్య నిపుణురాలి ఆధ్వర్యంలో 2009లో 'చూసి, అప్పుడే చికిత్స' పద్ధతి మొదలైంది. ముఖద్వారానికి పలచటి వెనిగర్ ద్రావణం పూసి, తెల్లబడిన చోటును అదే రోజు అతిశీతలంతో మాడ్చేస్తారు. 2015లో బడి ఆడపిల్లలకు వైరస్ టీకా దేశమంతటా వేయడం మొదలుపెట్టారు. ఇక్కడ తెలుగు పాఠకులకు ఖమ్మం గుర్తుకొస్తుంది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో బాలికలకు ఇదే రకం టీకాలు ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు బాలికల మరణాలతో వివాదం రేగి, 2010లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరు మీద వచ్చిన విమర్శ మాత్రం గట్టిదే.

గాబరోన్ క్లినిక్

టీకా రేపటి ఆడపిల్లల కోసం. ఈరోజు రక్తస్రావంతో ఆసుపత్రికి వచ్చిన నలభై అయిదేళ్ల మనిషికి కావలసింది రేడియేషన్. బోట్స్వానాలో గ్రోవర్ పరిశోధనలు చేసిన కాలంలో దేశం మొత్తానికి రేడియేషన్ యంత్రం ఉన్నది రాజధాని గాబరోన్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ప్రభుత్వ రోగుల్ని అక్కడికే పంపి, ఖర్చు సర్కారు భరించేది. డబ్బు అడ్డం కాకపోయినా దూరం అడ్డమే. ఉత్తరాన ఉన్న మౌన్ పట్టణం నుంచి గాబరోన్‌కు రోడ్డు మీద దాదాపు 900 కిలోమీటర్లు.

దూరాన్ని ఎవరూ తగ్గించలేరు. గ్రోవర్ బృందం తగ్గించినది కాగితాల ప్రయాణాన్ని. అంతకుముందు రోగి ఒకరోజు స్త్రీవైద్యుల దగ్గరికి, ఇంకోరోజు ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు కోసం, మరోరోజు క్యాన్సర్ వైద్యుల దగ్గరికి తిరగాల్సి వచ్చేది. 2015 మొదట్లో ప్రభుత్వ రంగంలోని ప్రిన్సెస్ మరీనా ఆసుపత్రిలో స్త్రీవైద్యులు, రేడియేషన్ వైద్యులు ఒకేచోట కూర్చుని రోగిని చూసి, అక్కడికక్కడే చికిత్స నిర్ణయించే క్లినిక్ పెట్టారు. ముక్క పరీక్షకూ చికిత్స మొదలుకూ మధ్య అంతకుముందు 108 రోజులున్న ఎడం, ఈ క్లినిక్‌లో చూపించుకున్నవారికి 39 రోజులకు దిగింది. కొత్త యంత్రం రాలేదు, కొత్త మందు రాలేదు. గ్రోవర్ చేసిన పనులన్నిటిలో మిగతా దేశాలు వెంటనే ఎత్తుకోదగ్గది ఇదేనని చెప్పవచ్చు.

ఎచ్‌ఐవి ప్రశ్న

ఎచ్‌ఐవి ఉన్న రోగి పూర్తి మోతాదు రేడియేషన్‌ను, దానితోపాటు ఇచ్చే కీమోను తట్టుకోలేదన్న అనుమానం వైద్యుల్లో చాలాకాలం ఉంది. ఆ అనుమానంతో మోతాదు తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది, అనుమానమే నిజమైనట్టు కనిపిస్తుంది. బోట్స్వానాలో 2010–2015 మధ్య 348 మంది రోగుల్ని గమనించిన అధ్యయనం 2016లో వెలువడింది. స్కాట్ డ్రైడెన్-పీటర్సన్ నడిపిన ఆ అధ్యయనంలో గ్రోవర్ కూడా పాలుపంచుకున్నారు. రోగుల్లో మూడింట రెండొంతుల మందికి ఎచ్‌ఐవి ఉంది. మూడేళ్ల తర్వాత ఎచ్‌ఐవి ఉన్నవారిలో 35 శాతం, లేనివారిలో 48 శాతం బతికి ఉన్నారు.

ఇక్కడితో ఆగితే పాత అనుమానమే గెలిచినట్టు. గ్రోవర్ ముందుండి ప్రచురించిన తర్వాతి అధ్యయనం, నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స పొందిన 143 మందిని విడిగా చూసింది. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవారు ఎచ్‌ఐవి ఉన్నవారిలో 65 శాతం, లేనివారిలో 66 శాతం. ఈ రోగుల్లో చాలామంది ఎచ్‌ఐవి మందులు క్రమంగా వాడుతున్నవారే. రెండు అధ్యయనాల రోగులూ ఒకటి కాదు, గమనించిన కాలమూ ఒకటి కాదు కాబట్టి పక్కపక్కన పెట్టి తూచకూడదు. అయినా ఎచ్‌ఐవి ఉందన్న ఒక్క కారణంతో చికిత్సను కుదించడానికి ఆ తర్వాత సాకు మిగలలేదు.

చికిత్స తీరు

మన ఆసుపత్రి వరండాల్లో 'కరెంటు పెట్టడం' అనేది బయటి నుంచి ఇచ్చే రేడియేషన్‌ను. ముఖద్వార క్యాన్సర్‌కు దీన్ని వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, మొత్తం 45 నుంచి 50 గ్రేల (రేడియేషన్ మోతాదు కొలమానం) దాకా ఇస్తారు. వారానికొకసారి కీమో మందు సిస్‌ప్లాటిన్ ఎక్కిస్తారు. అంతటితో చాలామంది పని అయిపోయిందనుకుని ఇంటిదారి పడతారు. కాని గడ్డను పూర్తిగా చంపేది తర్వాతి మెట్టయిన బ్రాకీథెరపీ, అంటే లోపలి రేడియేషన్. రోగికి మత్తు ఇచ్చి, ఒక సన్నటి లోహపు గొట్టాన్ని ముఖద్వారం గుండా గర్భసంచిలోకి, మరో రెండింటిని దానికి అటూ ఇటూ అమరుస్తారు. మూత్రాశయం, పురీషనాళం దూరంగా జరిగేలా గాజుగుడ్డ కుక్కుతారు. అందరూ గది ఖాళీ చేశాక, తీగ చివర బియ్యపు గింజంత ఉండే ఇరీడియం-192 మూలం ఆ గొట్టాల్లోకి దూరి, ఒక్కోచోట కొన్ని సెకన్లు ఆగుతూ తిరుగుతుంది. బయటి రేడియేషన్ మొదలైన నాటి నుంచి ఇదంతా 8 వారాల్లోపు ముగియాలి. ఆలస్యమైన కొద్దీ గడ్డ మళ్లీ పుంజుకుంటుంది.

పేద దేశాల ఇబ్బంది ఆ గింజలోనే ఉంది. ఇరీడియం అర్ధాయువు 74 రోజులు, అంటే అన్నాళ్లకు దాని తీవ్రత సగమవుతుంది. రోగికి 10 నిమిషాల్లో అందే మోతాదుకు, మూలం మార్చకుండా రెండున్నర నెలలు నెట్టుకొస్తే 20 నిమిషాలు పడుతుంది. అందుకే మూడు నాలుగు నెలలకొకసారి కొత్త మూలాన్ని తెప్పించుకోవాలి. అంటే ఏటా మూడు నాలుగుసార్లు విదేశీ చెల్లింపు, విమానం, కస్టమ్స్, అణు భద్రత అనుమతి. ఏ ఒక్కటి ఆగినా ఆ 8 వారాల గడువు దాటిపోతుంది. ఇరీడియంకు బదులు వాడగల కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు. దాన్ని అయిదేళ్ల దాకా మార్చనక్కర్లేదు. వరసలో కూర్చున్న రోగులు ఎక్కువ, సరఫరా తక్కువ ఉన్నచోట్ల బ్రాకీథెరపీ యంత్రం కొనేటప్పుడు దీని గురించి ఆలోచించడం అందుకే అవసరం.