నెట్ సెండ్ కథ

విండోస్ ఎన్‌టీ, 2000, ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెండ్ అని ఒక కమాండ్ ఉండేది. నల్ల తెరలో పక్కవాడి కంప్యూటర్ పేరు, చెప్పదల్చుకున్న మాట కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, వాడి స్క్రీన్ మీద ఠపీమని ఓ పెట్టె ప్రత్యక్షం! పాస్‌వర్డ్ లేదు, స్నేహితుల లిస్టు లేదు. పేరు బదులు నక్షత్రం గుర్తు పెడితే గ్రూపు మొత్తానికీ వెళ్ళేది.

"సర్వర్ ఆపేస్తున్నాం, ఫైళ్ళు సేవ్ చేసుకోండి" లాంటి హెచ్చరికలకి పనికొచ్చే ఏర్పాటది. మేం వాడింది మాత్రం "టీకొస్తావా?" అనడానికి.

అంతా ఒకే ఇంటివాళ్ళం కదా అన్న నమ్మకం మీద నడిచిన వ్యవహారం అన్నమాట. ఇళ్ళలో పీసీలు ఫైర్‌వాల్ లేకుండా నేరుగా ఇంటర్నెట్‌కి తగిలాక ఆ ఇంటికి గోడల్లేకుండా పోయాయి. 2002 నాటికి అదే పెట్టెలో దొంగ డిగ్రీల ప్రకటనలు మొదలయ్యాయి. 2003 అక్టోబరులో, దూరం నుంచే మిషన్ని చేజిక్కించుకోగల లోపం ఒకటి ఆ సర్వీసులో బయటపడింది. మైక్రోసాఫ్ట్ 2004 ఆగస్టులో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో దాన్ని ఆపి ఉంచింది. విస్టాలో పూర్తిగా పీకేసింది.

తప్పని నేననను. కాకపోతే ఇప్పుడు పక్క సీటువాడికి "టీకొస్తావా?" అని పంపినా, ఆ మాట చాలాసార్లు ఏ ఊళ్ళోనో ఉన్న డేటా సెంటర్ దాకా వెళ్ళి రావాలి.