ఆటకు ముందు నిలబడటం: సికింద్రాబాద్ బడుల ఆనవాయితీ

సికింద్రాబాద్ బడుల్లో వార్షిక క్రీడోత్సవం నేరుగా ఆటతో మొదలుకాదు. ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నాక ముందు ప్రార్థన గీతం ఉంటుంది. ఆ తర్వాత ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు హౌసుల పిల్లలు బ్యాండు దెబ్బకు అడుగులు కలుపుతూ మార్చ్‌పాస్ట్ చేస్తారు. వేదిక ఎదుటికి రాగానే నాయకుడి ఒక్క కేకతో వరుసలోని తలలన్నీ అటు తిరుగుతాయి. జెండా ఎగురుతుంది, క్రీడాజ్యోతి మైదానం చుట్టి వస్తుంది, పిల్లల్లో ఒకరు అందరి తరఫున క్రీడా ప్రతిజ్ఞ చదువుతారు. మొదటి పరుగుపందెం వీటన్నిటి తర్వాతే. సాయంత్రం బహుమతులు పంచాక జనగణమనతో సభ ముగుస్తుంది. చూసేవారికి ఒకే కార్యక్రమంలా కనిపించే ఈ తంతులో ఒక్కో భాగం ఒక్కో చోటు నుంచి, ఒక్కో కాలం నుంచి వచ్చింది. పాడే పాట, మొక్కే దైవం, వందనం అందుకునే జెండా రెండు శతాబ్దాల్లో చాలాసార్లు మారాయి. మారనిది ఒక్కటే: ఆటకు ముందు అందరూ కలిసి నిటారుగా, మౌనంగా నిలబడటం.

ఆ నిలబడే పద్ధతి కంటోన్మెంటు నుంచి వచ్చింది. 1798 నాటి సైన్య సహకార ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. ఆ దండు చుట్టూ పెరిగిన బస్తీకి మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. దండు ఉన్నచోట కవాతు మైదానం తప్పనిసరి. ఊరి నడుమ పరేడ్ గ్రౌండ్స్ అలా ఏర్పడిందే. తెల్ల సిపాయిలకు ఆదివారం చర్చికి వెళ్ళడం కూడా ఉత్తర్వే. వరుసకట్టి, పూర్తి దుస్తుల్లో, బ్యాండు వెంట నడిచి వెళ్ళే ఆ పద్ధతికి చర్చి పరేడ్ అని పేరు. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చి ఈ దండు ఊళ్ళోనే లేచాయి. దైవానికి మొక్కడం, రాజుకు విధేయత చూపడం, కాళ్ళూ చేతులూ ఒక్క తీరున కదిలించడం అనే మూడూ ఇక్కడ మొదటి నుంచీ కలిసే నడిచాయి. బడికి డ్రిల్లు పాఠం వచ్చింది సైన్యం నుంచే. అటెన్షన్, స్టాండ్ ఎటీజ్ అన్న కేకలు కూడా దానితోపాటే వచ్చాయి. స్వాతంత్ర్యం తర్వాత అవి సావధాన్, విశ్రామ్ అయినా వాటికి పిల్లల ఒళ్ళు పలికే తీరు అదే. చాలాకాలం పాటు వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి తెలుగు పిల్లలు డ్రిల్లు మాస్టారనే పిలిచారు.

ప్రార్థన మిషనరీ బడుల నుంచి వచ్చింది. సెయింట్ ఆన్స్ బడి 1871లో మొదలైంది. 1880ల నుంచి వెస్లియన్ మిషన్ వారు కూడా ఇక్కడ బడులు నడిపారు. ఈ బడుల్లో పొద్దున ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలయ్యేది కాదు, క్రీడోత్సవం దానికి మినహాయింపు కాలేదు. అయితే సికింద్రాబాద్ చదువంతా మిషనరీల చేతిలోనే ఉండేదనుకుంటే పొరపాటు. సోమసుందరం ముదలియార్ 1862లో స్థాపించిన బడి తర్వాత మహబూబ్ కాలేజీగా పేరుపొందింది. షికాగోకు బయలుదేరే ముందు వివేకానందుడు 1893 ఫిబ్రవరి 13న ప్రసంగించింది అక్కడే. ఊరివాళ్ళు పెట్టుకున్న ఇలాంటి బడులు ఉండబట్టే ఒక మతం ప్రార్థనే బడి ప్రార్థన అనే భావన ఈ ఊళ్ళో పూర్తిగా పాతుకోలేదు.

ఇక దేశభక్తి గీతం సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఈ జంటనగరాల్లో రెండు రాజగీతాలు వినిపించేవి. బ్రిటిష్ పాలన నడిచిన సికింద్రాబాద్‌లో ఇంగ్లండు రాజును దేవుడు కాపాడాలని కోరే పాట ఉండేది. హుస్సేన్‌సాగర్ దాటి నిజాం ఇలాకాలోకి వెళితే ఆసఫ్‌జాహీ సంస్థానాన్ని చిరకాలం నిలపమని దేవుణ్ణి వేడుకునే ఉర్దూ గీతం ఉండేది. రాజు ఎవరైనా పాట మాత్రం ప్రార్థనే. మతాచారం ఎక్కడ ముగుస్తుందో, రాజభక్తి ఎక్కడ మొదలవుతుందో ఆ రోజుల్లో పిల్లలకు వేరుచేసి చెప్పగలిగినవారు లేరు. ఈ రెండిటినీ విడదీయడానికి తర్వాత రాజ్యాంగమూ న్యాయస్థానాలూ పూనుకోవలసి వచ్చింది.

దానికంటే ముందు ఒక పెద్ద ఘర్షణ జరిగింది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో హిందూ విద్యార్థులు తమ ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడటం మొదలుపెట్టారు. అధికారులు నిషేధించారు, విద్యార్థులు సమ్మెకు దిగారు, వందల మంది బహిష్కరణకు గురయ్యారు. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తర్వాతి కాలంలో దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు అలా వెళ్ళినవారిలో ఒకరు. జైల్లో దెబ్బలు తింటూ కూడా ఆ నినాదం మానని రామచంద్రరావుకు వందేమాతరం రామచంద్రరావు అన్న పేరే స్థిరపడింది. ఈ ఉద్యమాన్ని ధైర్యసాహసాల కథగా చెప్పుకోవడం న్యాయమే. దానిలో మరో చిక్కు కూడా ఉందని మరవకూడదు. విద్యార్థులకు అది ఒకేసారి ప్రార్థనా, దేశభక్తీ. పాలకులకు అది రాజధిక్కారం. దేవతారూపంలో దేశాన్ని కొలిచే చరణాల మీద ముస్లింలలో అనేకులకు మతపరమైన అభ్యంతరం. అంతకు ముందు ఏడాదే, అంటే 1937లో, కాంగ్రెస్ పార్టీ తన సభల్లో ఆ గీతం మొదటి రెండు చరణాలే పాడాలని నిర్ణయించింది ఈ కారణం చేతనే. ఒకరి భక్తి ఇంకొకరికి బలవంతం కాకుండా అందరూ కలిసి ఏం పాడగలరన్న ప్రశ్న హైదరాబాద్ రాజ్యంలో ఇంత తీవ్రంగా తలెత్తింది ఆ సందర్భంలోనే.

1945లో కంటోన్మెంటు మినహా సికింద్రాబాద్ పౌర ప్రాంతం నిజాం ప్రభుత్వం కిందికి తిరిగి వచ్చింది. మూడేళ్ళు తిరక్కుండానే, 1948 సెప్టెంబరులో, పోలీసు చర్యతో నిజాం పాలనే ముగిసింది. అయిదేళ్ళ వ్యవధిలో ఇక్కడి బడి పిల్లలు మూడు ప్రభుత్వాలను చూశారన్నమాట. 1950 జనవరి 24న రాజ్యాంగసభ జనగణమనను జాతీయ గీతంగా ప్రకటించింది, వందేమాతరానికి దానితో సమానమైన గౌరవం ఇచ్చింది. బడి ప్రార్థనగా జనగణమన చరిత్ర ఇంకా పాతది, అదీ తెలుగునేల మీదిదే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియొసాఫికల్ కళాశాలలో బస చేసినప్పుడు ఆ పాట పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరలిపి రాశారు, ఠాగూర్ అక్కడే ఇంగ్లిషు అనువాదం చేశారు. కళాశాల దాన్ని ఉదయపు ప్రార్థనగా స్వీకరించింది. జాతీయ గీతం కావడానికి 31 ఏళ్ళ ముందే అది తెలుగు విద్యార్థులు నిలబడి పాడుకున్న పాట.

క్రీడోత్సవంలోనూ ఉదయపు అసెంబ్లీలోనూ వినిపించే జాతీయ ప్రతిజ్ఞ పూర్తిగా తెలుగువారి సృష్టి. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో దాన్ని తెలుగులో రాశారు. చైనాతో యుద్ధం జరిగిన ఏడాది అది. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం దాన్ని రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు దృష్టికి తీసుకెళ్ళారు. 1963లో విశాఖపట్నంలోని ఒక బడిలో పిల్లలు మొదటిసారి చదివారు. 1964లో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగుళూరులో జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దీన్ని దేశమంతటా ప్రవేశపెట్టాలని సిఫార్సు చేసింది. 1965 జనవరి 26 నుంచి అమలైంది. ఆ ప్రతిజ్ఞలో ఏ దేవుడి పేరూ లేదు, ఏ రాజు పేరూ లేదు. దేశవాసులంతా తోబుట్టువులన్న మాట, వారసత్వం మీద గర్వం, తల్లిదండ్రుల పట్లా ఉపాధ్యాయుల పట్లా పెద్దల పట్లా గౌరవం, మూగజీవాల మీద దయ ఉన్నాయి. ఏ మతం బిడ్డయినా మనసు కష్టపెట్టుకోకుండా పలకగలిగిన మాటలవి, ఆ ప్రతిజ్ఞ ఘనత అంతా అక్కడే ఉంది. ఇంత చేసినా పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో దశాబ్దాల పాటు రచయిత పేరు అచ్చుకాలేదు. 1988లో కన్నుమూసేనాటికి ఆయన పేరు ఎరిగిన బడి పిల్లలు చాలా తక్కువ. ఇది సరిదిద్దుకోవలసిన అన్యాయమే.

ప్రతిజ్ఞ చేసేటప్పుడు కుడిచేయి భుజం ఎత్తున ముందుకు చాచే భంగిమకూ ఒక పోలిక ఉంది. అమెరికా బడుల్లో 1892 నుంచి జెండా ప్రతిజ్ఞకు దాదాపు ఇలాగే చేయి చాచేవారు. హిట్లర్ అనుచరుల వందనాన్ని తలపిస్తోందని 1942లో అక్కడ దాన్ని మాని గుండె మీద చేయి ఉంచడం మొదలుపెట్టారు. భారతదేశపు బడుల్లో చాచిన చేయి అలాగే నిలిచింది.

జెండా దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలో జాతీయ పతాక నియమావళి స్పష్టంగా చెబుతుంది. ప్రస్తుత నియమావళి 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. పిల్లలు చదరానికి మూడు పక్కల నిలబడాలి, నాలుగో పక్క మధ్యలో జెండా స్తంభం ఉండాలి. ప్రధానోపాధ్యాయుడు, విద్యార్థి నాయకుడు, జెండా ఎగరేసేవారు స్తంభానికి మూడంగల వెనక నిలవాలి. తరగతుల్లో పెద్దది కుడి చివర ఉంటుంది, వరుసకూ వరుసకూ నడుమ కనీసం 30 అంగుళాల ఎడం ఉంటుంది. జెండా ఎగిరాక వందనం, ఆ తర్వాత జాతీయ గీతం, ఆ తర్వాత పతాక ప్రతిజ్ఞ. జాతీయ గీతం పూర్తి పాఠానికి 52 సెకన్లు పడుతుంది. దీనిమీద కేంద్ర హోంశాఖ ఉత్తర్వులు బడుల్లో ఆనాటి పనిని సామూహిక గానంతో ప్రారంభించవచ్చు అంటాయే తప్ప ప్రారంభించి తీరాలి అనవు.

మతాచారాలకు ఇలాంటి నియమావళి లేదు, ఉండటం సాధ్యమూ కాదు. రాజ్యాంగంలోని 28వ అధికరణం ప్రభుత్వ నిధులతోనే నడిచే బడిలో మతబోధన కూడదంటుంది. గుర్తింపు లేదా సహాయం పొందిన ఇతర బడుల్లో మతబోధనకు, ఆరాధనకు హాజరు కమ్మని పిల్లల్ని బలవంతపెట్టకూడదు, తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. కాబట్టి సర్కారు బడిలో అందరికీ నప్పే ప్రార్థన గీతాలు వాడుకలోకి వచ్చాయి. గాంధీ సాయంకాల ప్రార్థన సభల ప్రభావంతో సర్వమత ప్రార్థన అన్న పద్ధతీ నిలదొక్కుకుంది. వీటికి బయట ఆటగాళ్ళ సొంత ఆచారాలు ఉన్నాయి. కబడ్డీ కోర్టులోకి అడుగుపెట్టేవాడు నేలను తాకి వేళ్ళు కళ్ళకద్దుకుంటాడు. తాలీంఖానాల్లో కుస్తీకి దిగే వస్తాదు ముందు ఆంజనేయుడికి, తర్వాత ఎర్రమట్టికి మొక్కుతాడు. క్రైస్తవ పిల్లవాడు సిలువ గుర్తు వేసుకుంటాడు, ముస్లిం పిల్లవాడు బిస్మిల్లా అనుకుంటాడు. ఒకే జట్టులో ఇవన్నీ పక్కపక్కన జరుగుతాయి. ఎవరూ ఎవరినీ చేయమనరు, వద్దనరు. సికింద్రాబాద్ మైదానాల్లో నిజమైన మర్యాద ఇదే.

మరో తేడా గమనించాలి. అమెరికాలో బడి పిల్లల ఆటల్లో చాలా చోట్ల ప్రతి పోటీకీ ముందు జాతీయ గీతం వినిపిస్తారు. పోటీకి ముందు పాడే ఆచారానికి పాత ఉదాహరణ 1905లో కార్డిఫ్‌లో వేల్స్, న్యూజిలాండ్ జట్ల రగ్బీ పోటీ. సికింద్రాబాద్ బడుల్లో ఒక్కో మ్యాచ్‌కూ గీతం పాడే అలవాటు లేదు. గౌరవ కార్యక్రమమంతా పోటీల ప్రారంభోత్సవానికీ ముగింపుకూ పరిమితం. క్రీడా ప్రతిజ్ఞ 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్ నుంచి, జ్యోతి పరుగు 1936 బెర్లిన్ నుంచి ప్రపంచమంతటికీ పాకినవే. 2024 జూన్ 2న పరేడ్ గ్రౌండ్స్‌లో ఆవిష్కరించిన అందెశ్రీ రచన జయ జయహే తెలంగాణ రాష్ట్ర గీతంగా ఈ వరుసలో చేరింది.

పాడటానికి మనస్సాక్షి ఒప్పుకోని పిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్నకు జవాబు కేరళ నుంచి వచ్చిన కేసులో దొరికింది. యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు అసెంబ్లీలో జనగణమనకు మర్యాదగా నిలబడేవారు, పాడేవారు కాదు. 1985లో వారిని బడి నుంచి తీసేశారు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా పేరుపడిన ఈ వివాదంలో 1986 ఆగస్టు 11న తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన ఓ. చిన్నపరెడ్డి. గీతం పాడి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదని, లేచి నిలబడటంతోనే గౌరవం చూపినట్టవుతుందని, భావప్రకటన స్వేచ్ఛలో మౌనంగా ఉండే హక్కూ ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. ఇదే మతానికి చెందిన పిల్లల విషయంలో 1943లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బార్నెట్ తీర్పును కూడా చిన్నపరెడ్డి చర్చించారు. పిల్లల్ని తిరిగి చేర్చుకొమ్మని ఆదేశించారు. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం 1971లో వచ్చింది. గీతాలాపనను ఉద్దేశపూర్వకంగా ఆపినా, పాడుతున్న సభకు అడ్డు తగిలినా దాని ప్రకారం మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడుతుంది. పెదవి కదపకుండా మర్యాదగా నిలబడిన పిల్లలకు ఆ సెక్షన్ వర్తించదని ఆ తీర్పు స్పష్టం చేసింది.