సరిహద్దు దాటే కారు, దారిలో దొరికే కరెంటు

ఎలక్ట్రిక్ కారులో పిల్లాపాపలతో పొరుగు దేశానికి బయలుదేరాలంటే ముందుగా కూర్చుని లెక్కలు వేసుకోవాలి. ఎక్కడెక్కడ ఆగాలి, అక్కడి ప్లగ్గు మన కారుకు సరిపోతుందా, డబ్బు ఎలా కట్టాలి, చలికి బ్యాటరీ ఎంత పడిపోతుంది, ఘాట్ రోడ్డు ఎక్కితే ఎంత తింటుంది. ఇదంతా చూసి నవ్వేవాళ్లున్నారు. పెట్రోల్ కారైతే తాళం తిప్పి బయలుదేరడమే, ఈ తలనొప్పి ఎందుకంటారు. వాళ్ల మాట ఇవాళ్టికి నిజమే, కానీ పెట్రోల్ కారు పుట్టిననాటి నుంచీ అలా లేదు. మొదటి ముప్పై ఏళ్లలో దూరప్రయాణం పెట్టుకున్న ప్రతి కారు యజమానీ ఇవే లెక్కలు వేశాడు. ఆ అవస్థ తీరడంలో ఇంజన్ బాగుపడటానికి కొంత వంతు ఉంది. అంతకంటే పెద్ద వంతు దారి పొడవునా ఉన్న ముక్కూమొహం తెలియని మనుషులు, ఊళ్లు, దేశాలు కొన్ని విషయాల్లో ఒక మాట మీదికి రావడానిది. కారు ఎంత దూరం వెళ్లగలదన్నది యంత్రం ఒక్కటే తేల్చే సంగతి కాదని ఈ నూట ముప్పై ఏళ్ల చరిత్ర చెబుతుంది. నూరేళ్ల కిందట ఎలక్ట్రిక్ కారు దూరప్రయాణాల పోటీలో ఓడిపోవడానికీ, ఇప్పుడు మళ్లీ యూరప్ సరిహద్దులు దాటుతుండటానికీ కారణం అక్కడే వెతకాలి.

కుటుంబంతో కారులో చేసిన తొలి దూరప్రయాణంగా అందరూ చెప్పుకునేది 1888 ఆగస్టులో జరిగింది. కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల బండిని ఆయన భార్య బెర్తా బెంజ్, కొడుకులు ఓయ్‌గెన్, రిచర్డ్‌లను వెంటేసుకుని, జర్మనీలోని మన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్ట్స్‌హైమ్‌కు నడుపుకుంటూ వెళ్లింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోహ్ అనే ఊళ్లో మందుల షాపుకు వెళ్లి లిగ్రోయిన్ కొనుక్కుంది. లిగ్రోయిన్ అంటే బట్టల మీద మరకలు పోగొట్టడానికి వాడే పెట్రోలియం ద్రావకం. ఆ రోజుల్లో అది మందుల షాపులోనే దొరికేది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే ఒక ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన చేత తోలు వేయించింది. ఎత్తు వచ్చినప్పుడు పిల్లలు దిగి తోశారు. ఈ కథను సాధారణంగా ఆమె తెగువకు నిదర్శనంగా చెబుతారు, తెగువకు తక్కువేమీ లేదు కూడా. నాకు మాత్రం ఆ మందుల షాపు ముఖ్యంగా కనిపిస్తుంది. కారు కోసం పుట్టని దుకాణం ఆ కారును ముందుకు నడిపించింది. బెర్తా ప్రయాణం సాగిందంటే పల్లెల్లో అప్పటికే ఉన్న మందుల షాపు, చెప్పుల దుకాణం, నీళ్ల బావి ఆమెకు పనికొచ్చాయి కాబట్టి.

తరవాతి ఇరవై ముప్పై ఏళ్లూ పెట్రోల్ వ్యాపారం ఇలా ఉన్నదాన్ని వాడుకుంటూనే పెరిగింది. బంకులు లేవు. కిరాణా కొట్లు, సైకిల్ షాపులు, హోటళ్లు టిన్నుల్లో పెట్రోల్ అమ్మేవి. బ్రిటన్‌లో రెండు గ్యాలన్ల డబ్బా మామూలు కొలత. ఏ ఊళ్లో ఎవరి దగ్గర దొరుకుతుందో తెలియడమే అసలు సమస్య. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శన సమయంలో మిషలిన్ టైర్ల కంపెనీ అచ్చువేసి ఉచితంగా పంచిన ఎర్ర అట్ట పుస్తకం పుట్టింది అందుకే. ఇప్పుడు ఆ పేరు చెబితే నక్షత్రాలు పొందిన హోటళ్లు గుర్తొస్తాయి కానీ, మొదటి పుస్తకంలో సరుకు వేరు: పెట్రోల్ ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్ ఎక్కడున్నాడు, టైరు ఎలా మార్చాలి, రాత్రి ఎక్కడ పడుకోవచ్చు. ఫ్రాన్స్ మొత్తం మీద కార్లు కొన్ని వేలకు మించని రోజుల్లో 35,000 ప్రతులు వేశారు. 1904లో బెల్జియానికీ ఒక పుస్తకం తెచ్చారు. ఇక బ్రిటన్‌లో రోడ్డు పక్కన పెట్రోల్ నింపే మొదటి స్టేషన్ ఆల్డర్‌మాస్టన్ దగ్గర మొదలైంది 1919లో. అదీ వాహనదారుల సంఘం తన సభ్యుల కోసం పెట్టుకున్నది. అంటే బెర్తా ప్రయాణం తరవాత ముప్పై ఏళ్లు గడిస్తే గాని ఆ దేశంలో బంకు అనే వస్తువు కంటికి కనిపించలేదు.

అదే కాలంలో ఎలక్ట్రిక్ కారు వెనకబడి ఏమీ లేదు. 1900 నాటి అమెరికా గణాంకాల ప్రకారం అక్కడ తయారైన 4,192 కార్లలో ఆవిరివి 1,681, కరెంటువి 1,575, పెట్రోలువి కేవలం 936. 1899లో కామీ జెనాట్జీ గంటకు 100 కి.మీ. వేగం దాటింది కరెంటు బండిలోనే. 1901లో ఫ్రాన్స్‌లో ఒక క్రీగర్ కారు పారిస్ నుంచి షాతెల్‌రో దాకా 300 కి.మీ. పైచిలుకు ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లింది. మరి ఊరు దాటి ఎందుకు పోలేదు? కరెంటు ఊరూరికీ ఒక తీరుగా ఉండేది కాబట్టి. కొన్నిచోట్ల డీసీ, కొన్నిచోట్ల ఏసీ. బ్యాటరీకి డీసీ కావాలి కాబట్టి ఏసీ ఉన్న ఊళ్లో దాన్ని మార్చే పరికరం ఉండాలి. చిన్న పట్టణాల్లో జనరేటర్లు వీధి దీపాల కోసం సాయంత్రం తిప్పి అర్ధరాత్రికి ఆపేసేవారు, పగటి పూట వచ్చిన ప్రయాణికుడికి కరెంటే లేదు. మహానగరాల సంగతి అంతకన్నా చిత్రం. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఒక్క లండన్ మహానగర పరిధిలోనే 65 విద్యుత్ సంస్థలు, 49 రకాల సరఫరా పద్ధతులు, 10 రకాల ఫ్రీక్వెన్సీలు, పంపిణీకి 24 వోల్టేజీలు ఉండేవని విద్యుత్ చరిత్రకారుడు థామస్ హ్యూస్ లెక్క తేల్చాడు. బిల్లు వేసే పద్ధతులే దాదాపు 70. పక్క పేటకు వెళ్తేనే కరెంటు మారిపోయే చోట, పక్క దేశానికి వెళ్లే మాట ఎక్కడ?

దీనికి ఇంజనీర్లు వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు: అసలు లోపం బ్యాటరీది, సరఫరాది కాదు. సీసపు బ్యాటరీ మోయలేనంత బరువు. మామూలుగా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ లాంటి మంచి కారు కూడా 130 కి.మీ. దాటేది కాదు, వేగం గంటకు నలభై లోపే. కిలో పెట్రోల్‌లో ఉన్న శక్తి కిలో సీసంలో రాదు. ఈ మాట కాదనలేం. కానీ 130 కి.మీ. అన్నది ఆనాటి గతుకుల రోడ్ల మీద, టైర్లు పంక్చరవుతూ ఉండగా, ఒక కుటుంబం ఒక పూటలో హాయిగా తిరిగే దూరానికి తక్కువేమీ కాదు. మధ్యాహ్నం భోజనానికి ఆగిన ఊళ్లో నమ్మకంగా ఛార్జింగ్ దొరికి ఉంటే ఆ సాయంత్రానికి కాకపోయినా మర్నాడు ముందుకు సాగి ఉండేవాళ్లు. పెట్రోల్‌కు ఉన్న అసలు సుగుణం శక్తి ఒక్కటే కాదు. డబ్బాలో పోసి ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, ఏ డబ్బా అయినా ఏ ట్యాంకులోకైనా ఒంపుకోవచ్చు, దానికి ఎవరి ఒప్పందమూ అక్కర్లేదు. కరెంటు అలా కుదరదు. దాన్ని దారిలో అందుకోవాలంటే అవతలివాడు ముందే మనతో ఒక మాట మీద ఉండాలి. నూరేళ్ల కిందట ఆ మాట కుదిర్చేవాడు లేడు. 1912లో క్యాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక, హ్యాండిల్ తిప్పే బాధ పోయి, పట్టణాల్లో మిగిలిన కొద్ది గిరాకీ కూడా పెట్రోల్ కారు వైపు మళ్లింది.

అయితే పెట్రోల్ కారుకూ సరిహద్దు దగ్గర డబ్బా పెట్రోల్ పనిచేయలేదు. కస్టమ్స్ వాళ్ల దృష్టిలో పొరుగు దేశం కారు ఒక విలువైన దిగుమతి సరుకు. సుంకం మొత్తం అక్కడే డిపాజిట్ కట్టి, తిరిగి వెళ్లేటప్పుడు వసూలు చేసుకోవాలి. వెళ్లిన దారిన కాకుండా వేరే చెక్‌పోస్టు నుంచి బయటపడితే ఆ డబ్బు రాబట్టుకోవడం ఇంకో యాత్ర. యూరప్ టూరింగ్ క్లబ్బులు దీనికి కనిపెట్టిన ఉపాయం మూడు ముక్కల కాగితం. ఒక ముక్క లోపలికి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఉంచుకుంటారు, రెండోది బయటికి వచ్చేటప్పుడు, మూడోది ముద్రలతో యజమాని దగ్గర మిగులుతుంది. కారు అమ్మేసి పారిపోతే సుంకం క్లబ్బే కడుతుంది. పెట్రోల్ కంపెనీలు గాని, కార్ల కంపెనీలు గాని చేయలేని పని ఇది. 1909 అక్టోబరులో పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఇంకో అడుగు వేసింది: కారు వెనక దేశం అక్షరాలున్న అండాకారపు పలక, ఏడాది చెల్లే అంతర్జాతీయ పత్రం, అన్ని దేశాలకూ ఒకటే నాలుగు హెచ్చరిక గుర్తులు. రోడ్డు గతుకు, మలుపు, కూడలి, రైల్వే గేటు. ఆ రోజుల్లోనే ఫ్రెంచి రచయిత ఆక్టేవ్ మిర్బో బెల్జియం, హాలెండ్, జర్మనీలు కారులో తిరిగి 1907లో రాసిన పుస్తకానికి తన కారు నంబరే పేరుగా పెట్టుకున్నాడు. సరిహద్దు దగ్గర మనిషి పేరు కంటే ఆ నంబరుదే ఎక్కువ చెల్లుబాటు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆర్టీవో ఆఫీసులో తీసుకునే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదే చెల్లడం వెనక ఉన్నదీ ఈ వంశవృక్షమే. 1926 ఒప్పందం దాన్ని వాహన పత్రం నుంచి వేరుచేసింది, 1949 జెనీవా ఒప్పందం కొనసాగించింది.

ఎలక్ట్రిక్ కారు రెండో రాకడ ఈ చరిత్రనే మళ్లీ మొదటి నుంచి నడిపించింది. 2010లో నిస్సాన్ లీఫ్ వచ్చాక ఎస్టోనియా 2013 నాటికి దేశమంతటా 165 ఫాస్ట్ ఛార్జర్లు పెట్టి, ప్రపంచంలో అలాంటి తొలి జాతీయ వ్యవస్థ తనదని చెప్పుకుంది. అవన్నీ జపాన్ వాళ్ల చాడెమో రకం. జర్మనీ కంపెనీలు టైప్ 2 ప్లగ్గు పట్టుకుంటే, ఫ్రాన్స్, ఇటలీ కంపెనీలు టైప్ 3 ముందుకు తెచ్చాయి. ఫ్రాన్స్ నిబంధనల ప్రకారం పిల్లల వేళ్లు దూరకుండా సాకెట్‌కు మూత ఉండాలన్నది ఒక వాదన. 2014లో యూరోపియన్ యూనియన్ టైప్ 2నీ, ఫాస్ట్ ఛార్జింగ్‌కు సీసీఎస్‌నీ ప్రమాణంగా ప్రకటించి ఈ తగువు తెంచింది. తరవాత మిగిలింది డబ్బు కట్టే తగువు. ఒక్కో కంపెనీకి ఒక్కో కార్డు, ఒక్కో యాప్, ఒక్కో ధర. లండన్‌లోని 70 బిల్లు పద్ధతులు గుర్తొస్తే తప్పు పట్టలేం. 2024 ఏప్రిల్ 13 నుంచి అమల్లోకి వచ్చిన ఏఎఫ్ఐఆర్ అనే యూరోపియన్ యూనియన్ నిబంధనలు కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, అంతకు మించిన ఛార్జర్ల దగ్గర మామూలు బ్యాంకు కార్డుతో చెల్లించే వీలుండాలన్నాయి. యూరప్ ప్రధాన రహదారుల మీద ప్రతి 60 కి.మీ.కూ కార్ల ఫాస్ట్ ఛార్జింగ్ కేంద్రం ఉండాలని 2025 చివరిని గడువు పెట్టాయి. బ్యాటరీలో కెమిస్ట్రీ ఎంత మారినా, ఇలాంటి నిబంధనలు లేకుండా ఆ కారు ఆల్ప్స్ దాటడం ఇంత తేలికయ్యేది కాదు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది. పెట్రోల్ బంకులకు ప్రభుత్వాలు దూరాలు నిర్ణయించలేదు, మార్కెట్టే చూసుకుంది, కరెంటుకు మాత్రం ఈ చట్టాలెందుకు? సగం నిజం. బంకులను కంపెనీలే పెట్టాయి. కానీ అవి పెట్టింది జనం తిరిగే రోడ్ల మీద. ఆ రోడ్లు వేసింది, గుర్తులు పాతింది, సరిహద్దులు సడలించింది, 1953 నుంచి గ్రీన్ కార్డు ద్వారా పొరుగు దేశంలో ఇన్సూరెన్స్ చెల్లేట్టు చూసింది ప్రైవేటు కంపెనీలు మాత్రమే కాదు. పెట్రోల్‌కు ప్లగ్గు అక్కర్లేదు కాబట్టి ఆ ఒక్క భాగం మార్కెట్టుకు తేలికైంది. ఛార్జింగ్ సమయం మాట వేరు, దాన్ని మాత్రం ఒప్పుకోవాలి. అయిదు నిమిషాల బంకు పని ఇవాళ్టికీ అరగంట పట్టే చోట, పండగ సెలవుల్లో వరస పెరిగితే గంట దాటుతుంది. దాన్ని ఏ చట్టమూ కరిగించలేదు.

మ్యూనిక్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తెలుగు కుటుంబం వేసవిలో ఇటలీలోని వెరోనాకు బయలుదేరిందనుకుందాం. నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు, మధ్యలో ఆస్ట్రియా. ఆస్ట్రియా మోటారు వే ఎక్కాలంటే విగ్నెట్ కొనాలి, బ్రెన్నర్ దారికి టోల్ విడిగా. ఇటలీలో టోల్ గేటు దగ్గర టికెట్టు తీసుకుని దిగేటప్పుడు కట్టాలి. 1,370 మీటర్ల ఎత్తున్న బ్రెన్నర్ కనుమ ఎక్కేటప్పుడు బ్యాటరీ శాతం గబగబా పడిపోతుంది, అవతలికి దిగుతున్నప్పుడు బ్రేకు వేసిన శక్తి కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. ఫాస్ట్ ఛార్జర్ మీద ఎనభై శాతం దాటాక వేగం తగ్గిపోతుంది, అందుకే నూరు శాతం దాకా కూర్చోకుండా ఎనభైకి లేచి, పిల్లల భోజనం అప్పుడే అయ్యేలా ఆగే చోటు ఎంచుకుంటారు. షెన్‌గెన్ అన్నారు కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టి రాకూడదు. 2015 నుంచి ఆస్ట్రియా సరిహద్దు దగ్గర జర్మనీ మళ్లీ తనిఖీలు మొదలుపెట్టింది, భారతీయులు రెసిడెన్స్ పర్మిట్ కూడా చూపించాల్సి వస్తుంది. ఈ లెక్కల్లో బ్యాటరీకి సంబంధించినవి సగమే, మిగతావి దేశాలకు సంబంధించినవి.

యూరప్ దాటితే ప్లగ్గు మీద కుదిరిన ఆ ఒప్పందం అన్నిచోట్లా చెల్లదు. భారతదేశంలో మొదట వచ్చిన భారత్ డీసీ ప్రమాణం పక్కకు పోయి కార్లలో సీసీఎస్ 2 స్థిరపడింది. చైనాకు తన జీబీ/టీ ఉంది. జపాన్‌లో చాడెమో నడుస్తోంది. ఉత్తర అమెరికాలో కంపెనీలు 2023 నుంచి ఒకదాని వెంట ఒకటి టెస్లా ప్లగ్గు వైపు మళ్లాయి. సుంకం కోసం 1913 నాటికి కార్నే అనే పుస్తకం ఒకే పద్ధతిలో అనేక దేశాలకు చెల్లింది, ఇవాళ కూడా సొంత కారును ఓడలో పంపి పరాయి ఖండంలో తిరిగే భారతీయుడు దాన్నే తీసుకువెళ్తాడు. ప్లగ్గు విషయంలో మాత్రం అంతటి కాగితం ఇంకా లేదు, డిక్కీలో స్టెప్నీ పక్కన అడాప్టర్లు పెట్టుకోవాల్సిందే.