సవర భాష: మనుగడ

సవర (సొర) ముండా శాఖకు చెందిన ఆస్ట్రోఏషియాటిక్ భాష. ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండ ఊళ్లలోనూ ప్రధానంగా వాడుకలో ఉంది. అస్సాం తేయాకు తోటలకు వలసపోయిన కుటుంబాల్లోనూ కొంత వినిపిస్తుందంటారు. దీని బలాన్ని జనగణనతో కొలవడం పరిపాటి. ఆ అంకెలేమో నిలకడగా లేవు: 1991లో సుమారు 2.73 లక్షలు, 2001లో 2.53 లక్షలు, 2011లో 4.10 లక్షలు. పదేళ్లలో ఇంత పెరుగుదల కాన్పుల వల్ల రాదు. మాతృభాష గడిలో ఏ పేరు రాయించారన్న తేడాయే చాలావరకు కారణమై ఉండాలి. కనుక ఎంతమంది అన్నదానికన్నా ఏయే పనులకు సవర వాడుతున్నారన్నదే నమ్మదగిన ఆధారం.

ఆ లెక్కన చూస్తే, పొరుగున తెలుగు, ఒడియా ఉండడమే ముప్పు అనడానికి లేదు. సవరలు చాలాకాలంగా రెండు మూడు భాషలవారే. సంతలో, కచేరీలో పొరుగు భాష, ఇంట్లో, పోడులో, పూజల్లో సవర. ఈ పంపకం నిలిచిన చోట భాషా నిలిచింది. సరిహద్దు చెదిరే చోటు ఎలా ఉంటుందో సంఖ్యలు చూపిస్తాయి. సవర లెక్క పన్నెండుతో ఆగి, పదమూడును పన్నెండూ ఒకటిగా చెబుతుంది. ఆపైన ఇరవైల లెక్క. 93 అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. రూపాయలు పదుల్లో నడిచే సంతలోనూ, బడి ఎక్కాల్లోనూ దీనికి చోటు తక్కువ.

సొంత లిపి ఉంటే భాష బతుకుతుందని, సంతాలీకి దాని సొంత లిపి ఓల్ చికి చేసిన మేలే సాక్ష్యమని ఒక వాదన. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి (1863–1940) సవర నేర్చి, తెలుగు లిపిలో వాచకాలు రాసి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. 1936లో ఒడిశా ఏర్పడి సవర సీమ రెండు పాలనల కిందికి పోయింది. అదే ఏడు మంగెయి గొమాంగో సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించారని ఎక్కువమంది చెబుతారు. రోమన్, ఒడియా, తెలుగు లిపులూ వాడుకలోనే ఉన్నాయి. లిపి గౌరవం తెచ్చిన మాట నిజమే. కానీ సంతాలీకి 2011 నాటికి 70 లక్షలకు పైగా మాతృభాషీయులు, 2003 సవరణతో ఎనిమిదో షెడ్యూలులో చోటు ఉన్నాయి. సవరకు ఆ రెండూ లేవు.

అంతకన్నా బలమైన ఆక్షేపణ బడి గురించి: తెలుగు రాకపోతే పిల్లలకు ఉద్యోగం లేదు. నిజమే, ఎవరూ కాదనలేరు. అయితే 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవరతోపాటు మరికొన్ని గిరిజన భాషల్లో మొదలైన వాచకాల ఉద్దేశం తెలుగును తప్పించడం కాదు, ఇంటి మాటతో మొదలుపెట్టి తెలుగుకు చేర్చడం. ఆ వాచకాలు ప్రాథమిక తరగతులకే పరిమితం. ఆశ్రమ పాఠశాలలో చేరిన పిల్లలకు సవర వినే గంటలు సెలవులకే మిగులుతాయి.