కోవిడ్ ఆంక్షలు – తెలుగునాట అంగడి బేరములు

2020 మార్చి మొదలుకొని ఇంచుమించు రెండు సంవత్సరముల పర్యంతము కోవిడ్ మహమ్మారిని నిరోధించుటకై ప్రభుత్వములు విధించిన ఆంక్షలు, సరకును చేతితో తడవి చూచి, వెల తెగ్గొట్టి, అంగడివానితో రెండు మాటలాడి కొనుక్కొనెడి చిరకాలపు అలవాటును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో గణనీయముగ మార్చినవి.

దేశవ్యాప్తమైన లాక్‌డౌన్ మార్చి 25వ తేదీన, అనగా శార్వరి నామ సంవత్సర ఉగాది నాడే, ఆరంభమయ్యెను. వేపపూత, కొత్త చింతపండు, మామిడికాయల కొఱకు జనము రైతుబజారులకు ఎగబడిన దినములవి. కిరాణా, కూరగాయలు, పాలు, మందులు మినహాయింపు పొందినను, ఆంధ్రప్రదేశ్ పట్టణములలో మధ్యాహ్నము 1 గంట వరకున్న అమ్మకపు గడువు కొలది దినములలోనే 11 గంటలకు తగ్గెను. 2021 మేనెలలో, రెండవ విజృంభణమున, తెలంగాణమందు తొలుత ఉదయము 6 మొదలు 10 వరకు మాత్రమే అంగళ్లు తెఱువనిచ్చిరి. వేళ కుదించినంతనే ఆకలి కుదింపబడదు గనుక, దినమంతయు విడివిడిగా వచ్చెడి జనము ఆ నాలుగు గంటలలో క్రిక్కిఱిసెను. గుంపును చెదరగొట్టదలచిన నియమమే గుంపును దట్టము చేసినదని చెప్పక తప్పదు. అంతకంటె వివేకవంతమైన ఉపాయము స్థలమును విస్తరించుట: 1999లో ఏర్పడిన రైతుబజారుల ఇఱుకు కొట్లను విడదీసి మైదానములకు తరలించుటయు, కూరగాయల బండ్లను కాలనీలకే పంపుటయు అట్టివి. స్థలము చాలనిచో ఏమగునో చెన్నపట్టణపు కోయంబేడు మార్కెట్టు చూపినది. 2020 మే 5న అది మూతపడు నాటికే, అచటికి పోయివచ్చిన చిత్తూరు, నెల్లూరు జిల్లాలవారిలో పలువురకు వ్యాధి సోకెను.

కిరాణాకొట్టు ముంగిట సున్నముతో గీసిన వలయములలో నిలిచి, అడ్డముగ కట్టిన త్రాటి మీదుగా చీటీ నందించి, కట్టిచ్చిన సరకును మాఱుమాట లేక పుచ్చుకొనుట కొనుగోలుదారుని వంతయ్యెను. కూరగాయలను సంచులలో నింపి ఒకే వెలకు అమ్మినచోట్ల, బెండకాయ కొన విఱిచి లేతదనము పరీక్షించు హక్కును గృహిణి కోల్పోయెను. ఇది చిన్న నష్టము కాదు. ముదురుకాయ వెల ఆమెయే చెల్లించినది.

2020 ఏప్రిల్ 26నాటి అక్షయతృతీయ బంగారు దుకాణములు మూసియుండగనే గడచిపోయెను. మాల్సు జూన్ 8 నుండి తెఱువబడినను, ద్వారముకడ ఉష్ణమాపకము, చేతులకు శానిటైజరు, మనిషికి మనిషికి ఆఱడుగుల దూరము తప్పనిసరియైనవి. పెండ్లి చీరలకై బంధుకోటితో పరుపులపై కూర్చుండి, గుమాస్తా ఒక్కొక్క చీర విప్పి పఱచుచుండ గంటలు గడపు వేడుక సన్నగిల్లి, వాట్సాప్ వీడియోలో అంచు, పైట చూచి నిర్ణయించుట మొదలయ్యెను.

నోటు ముట్టుటకు భయము కలిగిన ఆ కాలమున దేశమంతటి యూపీఐ చెల్లింపుల సంఖ్య, 2020 ఏప్రిల్‌లో సుమారు 100 కోట్లకు పడిపోయినను, అక్టోబరునాటికి 200 కోట్లు దాటెను.

విపత్తు నిర్వహణ చట్టము క్రింద కేంద్రము విధించిన నిబంధనలు 2022 మార్చి 31తో ముగిసినవి. వేళల నిర్బంధము, వలయములు అంతకు మునుపే తొలగినవి. ఫోనుతో సొమ్ము చెల్లించుట, సరకు ఇంటికే తెప్పించుకొనుట మాత్రము నిలిచిపోయినవి.