ఎస్.టి.డి. బూత్‌లో ఎర్ర అంకెలు

మీ ఆఫీసులో డెస్కు ఫోన్ ఇంకా ఉంటే ఒకసారి పరీక్షగా చూడండి. పన్నెండు బటన్లు, పక్కన హోల్డు, ట్రాన్స్‌ఫర్, కాన్ఫరెన్సు. పైన చిన్న తెర, దాని కింద పేరు లేని మూడు నాలుగు బటన్లు. ఫోన్ మోగుతున్నప్పుడు వాటికి ఒక అర్థం, మాట్లాడుతున్నప్పుడు ఇంకో అర్థం. కోడు రాసి బతికే మనం కూడా కాల్ ట్రాన్స్‌ఫర్ చెయ్యమంటే పక్క సీటు వాడి మొహం చూస్తాం :-)

కానీ మా శ్రీకాకుళం, విజయనగరం వైపు, బడి మొహం చూడని వాళ్ళు కూడా ఎవరూ నేర్పకుండానే చదివేసిన ఫోన్ తెర ఒకటుంది. అదే ఎస్.టి.డి. బూత్‌లో ఎర్రగా వెలిగే అంకెల డబ్బా.

దాని గొప్పేంటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ట్రంక్ కాల్ రోజుల్లో ఆపరేటర్‌కి నంబరిచ్చి, బుక్ చేసి కూర్చోవాలి. లైను ఎప్పుడు కలుస్తుందో, ఎన్ని నిమిషాలైందో చెప్పేది ఆపరేటరే. "పీపీ నంబర్" అప్పటి మాటే. పర్టిక్యులర్ పర్సన్, అంటే ఫలానా మనిషే లైన్లోకి రావాలని బుక్ చేసే కాల్. పోనుపోను అది పక్కింటి వాళ్ళ ఫోన్ నంబరుకి పేరైపోయింది.

1960లో లక్నో, కాన్పూర్ మధ్య ఎస్.టి.డి. మొదలైంది. ఆపరేటర్ అక్కర్లేకుండా మనమే నంబరు తిప్పుకోవచ్చు. శ్రీకాకుళం కోడ్ 08942, విజయనగరం 08922. డయల్ తిప్పే ఫోన్‌లో ఒక్కో అంకెకి అన్ని పల్సులు, సున్నాకి పది. శ్రీకాకుళం కోడ్‌కి 33 పల్సులు, సెకనుకి పది చొప్పున. మధ్య విరామాలు, వేలు తిప్పే టైము అదనం. అంతా అయ్యాక ఎంగేజ్ వస్తే మళ్ళీ మొదటికి!

బటన్లు ఈ బాధ తగ్గించాయి. అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్ళు బటన్లని రకరకాలుగా పేర్చి జనం మీద పరీక్షించారు, ఆ ఫలితాలు 1960లో అచ్చయ్యాయి. 1963లో టచ్-టోన్ ఫోన్ బయటికొచ్చింది. ఒక బటన్ నొక్కితే రెండు స్వరాలు కలిసి వెళ్తాయి. 9 నొక్కితే 852, 1477 హెర్ట్జ్. మన దగ్గర చాలా ఎక్స్ఛేంజీలకి ఆ స్వరాలు అర్థమయ్యేవి కావు. అందుకే బటన్ల ఫోన్ కింద పల్స్/టోన్ అని బుల్లి స్విచ్చి ఉండేది. నొక్కేది బటనే, లోపల వెళ్ళేవి పాత పల్సులే.

1984లో సి-డాట్ పుట్టింది. ఏసీ గది అక్కర్లేని 128 లైన్ల పల్లెటూరి ఎక్స్ఛేంజీ 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలైంది. తర్వాత వీధి వీధికీ పసుపు రంగు బూత్‌లు వచ్చాయి.

అసలు విషయం ఇక్కడుంది. ఇంట్లో ఫోన్ ఉన్నవాడికి కూడా మీటరు కనపడేది కాదు. అది ఎక్స్ఛేంజీలో ఉండేది, రెండు నెలలకోసారి బిల్లొచ్చేది. "నేనిన్ని కాల్సు చెయ్యలేదు" అని మొత్తుకోవడమే తప్ప రుజువేదీ? బూత్‌లో మాత్రం ఎక్స్ఛేంజీ పంపే మీటరు సంకేతాన్ని డబ్బా లెక్కపెట్టి, సెకన్లనీ రూపాయల్నీ కస్టమర్ కళ్ళ ముందు పెట్టేది. చివర్లో చీటీ కూడా. ఫోన్ కొనుక్కోలేని వాడికి, ఫోనున్న వాడికి లేని సదుపాయం!

మా జిల్లాల నుంచి వలసలు ఎక్కువ. హైదరాబాద్, చెన్నై, గల్ఫ్, చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్. కూలి డబ్బుల్లోంచి ఇరవై రూపాయలు అట్టేపెట్టుకుని బూత్‌లో దూరితే, చెవి ఫోన్ మీద, కన్ను అంకెల మీద. "అమ్మకి బాగుందేటి? డబ్బులు అందాయేటి?" అంతే, అంకె మారబోతోందంటే పెట్టేయడమే. ఛార్జీ యూనిట్ల లెక్క. దూరం పెరిగేకొద్దీ యూనిట్‌కి దొరికే సెకన్లు తగ్గేవి. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జీ, అంటే యూనిట్ ధర అదే, సెకన్లు ఎక్కువ. ఈ లెక్క పుస్తకంలో చదివి కాదు, అంకెలు నెమ్మదించడం చూసి జనానికి తెలిసింది.

2003లో మొబైల్‌కి ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2006లో బి.ఎస్.ఎన్.ఎల్. దేశమంతా నిమిషానికి రూపాయి పథకం తెచ్చింది. బూత్‌లు ఒక్కొక్కటీ జెరాక్స్ షాపులైపోయాయి. పోయినందుకు ఏడవక్కర్లేదు, ఇరవై రూపాయల్లో అమ్మతో మాట్లాడాల్సి రావడం ఏం వైభవమని?

కాకపోతే మనం తయారుచేసే తెరల గురించి ఒక మాట. ఆ డబ్బాలో మెనూ లేదు, హెల్ప్ పేజీ లేదు. డబ్బు కట్టే మనిషికి ఏది తెలియాలో అది మాత్రమే, తను మాట్లాడుతుండగానే చూపించింది. ఇప్పుడు అన్ని లెక్కలూ మన సర్వర్లలోనే ఉన్నాయి, పాత ఎక్స్ఛేంజీ మీటరులాగా. "ఈ వివరం యూజర్‌కెందుకు, లాగ్‌లో ఉంటే చాలు" అని మీటింగ్‌లో ఎవరైనా అంటే, ఆ యూజర్ జేబులో ఇరవై రూపాయలే ఉన్నాయనుకుని జవాబు చెప్పండి.

అన్నట్టు, మీ ఊరి ఎస్.టి.డి. కోడ్ ఇంకా గుర్తుందా?